నెల్లూరులో మా బాబుకు చేయించిన కిడ్నీ రాళ్ల ఆపరేషన్: ఒక తల్లి సమీక్ష

గత ఏడాది మే నెలలో మా ఆరేళ్ల బాబుకు ఎడమ కిడ్నీలో ఉన్న రాళ్లను నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మినీ పీసీఎన్‌ఎల్ అనే, నడుము పక్కన చిన్న రంధ్రం చేసి సన్నని గొట్టం గుండా రాళ్లు తీసే పద్ధతిలో తీయించాము. ఇంటికి వచ్చిన వారంలోనే ఈ సమీక్ష రాసి ఉంటే అందులో పొగడ్త తప్ప మరేమీ ఉండేది కాదు, ఎందుకంటే ఆపరేషన్ అయిన మూడో రోజుకే వరండాలో నడుస్తున్న బిడ్డను చూసిన తల్లికి ఇంకేమీ గుర్తుండదు. ఇప్పుడు తొమ్మిది నెలలు గడిచాయి. ఆ ఆసుపత్రి ఏ పని ఎంత బాగా చేసిందో, ఏ పనిని మా నెత్తిన వదిలేసిందో వేరు చేసి చెప్పగలిగే స్థితిలో ఉన్నాను. ఆసుపత్రి పేరు మాత్రం రాయడం లేదు. నేను ఎత్తి చూపబోయే లోపాలు ఆ ఒక్క చోటివే కావని, ఇదే ఆపరేషన్‌ను వేర్వేరు ఊళ్లలో చేయించిన మరి ముగ్గురు తల్లిదండ్రులతో మాట్లాడాక నాకు అర్థమైంది. అందువల్ల పేరు కంటే, డాక్టరు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏమి అడగాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ పనికి వస్తుందని అనుకుంటున్నాను.

మాది పొదలకూరు మండలంలోని ఒక పల్లె. మాకు నిమ్మతోట ఉంది. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. బాబుకు ఐదో ఏడు నిండినప్పటి నుంచి అప్పుడప్పుడు కడుపునొప్పి వచ్చేది. "అమ్మా, బొడ్డు కాడ నొప్పేస్తా ఉండాది" అని చెయ్యి పెట్టి చూపేవాడు, ఒక్కోసారి వాంతి చేసుకునేవాడు, గంటకో రెండు గంటలకో సర్దుకుని మళ్లీ ఆటలకు పోయేవాడు. మా ఊరి ఆర్‌ఎంపీ రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇచ్చారు. మా అత్తయ్య దిష్టి తీశారు. రాయి నొప్పి అంటే నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగుతుందని పెద్దవాళ్లను చూసి మనందరికీ తెలుసు. చిన్నపిల్లల్లో మాత్రం అది చాలాసార్లు బొడ్డు చుట్టూ వచ్చే అంతుపట్టని నొప్పిగానో, వాంతిగానో, కారణం దొరకని జ్వరంగానో, మాటిమాటికీ తిరగబెట్టే మూత్రపు ఇన్‌ఫెక్షన్‌గానో కనబడుతుందన్న సంగతి, ముప్పై మంది పిల్లల మధ్య రోజంతా గడిపే నాకే తెలియలేదు. మార్చి నెలలో ఒక సాయంత్రం వాడికి మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. మరునాడు నెల్లూరు వెళ్లి పొగతోటలో స్కానింగ్ తీయిస్తే, ఎడమ కిడ్నీ నుంచి మూత్రం బయటికి వచ్చే గరాటు వంటి చోట 17 మిల్లీమీటర్ల రాయి, కింది అరలో 6 మిల్లీమీటర్ల రాయి ఉన్నాయని, మూత్రానికి అడ్డుపడినందువల్ల కిడ్నీ కొంచెం వాచిందని రిపోర్టు ఇచ్చారు.

అత్తయ్య ఆ రోజు నుంచే ఉలవకట్టు, కొండపిండి ఆకు రసం మొదలుపెట్టారు. మామయ్యకు ఒకప్పుడు ఉలవకట్టు తాగుతుండగానే రాయి పడిపోయిందని ఆమె చెప్పింది అబద్ధం కాదు. నాలుగైదు మిల్లీమీటర్ల రాయి తగినన్ని నీళ్లు తాగితే దానంతటదే పడిపోయే అవకాశం బాగానే ఉంటుంది. 17 మిల్లీమీటర్ల రాయి ఆరేళ్ల బిడ్డ మూత్రనాళంలో నుంచి దిగివచ్చే దారి లేదు, మా వాడిది కాల్షియం ఆక్సలేటు రాయి అని తరువాత తేలింది, దాన్ని కరిగించే కషాయమూ లేదు. ఈ తేడా తెలియక మేము ఒక నెల పోగొట్టుకున్నాము, ఆ నెలలో బిడ్డ నాలుగుసార్లు నొప్పితో మెలికలు తిరిగాడు. అత్తయ్య ప్రేమతో చేసిన పనికి ఆమెను నిందించను; రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆగినదాన్ని నేనే.

మేము మొదట చూపించుకున్న చోట మరునాడే చేరమన్నారు, ముందుగా సీటీ స్కాన్ తీయించుకు రమ్మన్నారు, ఏ పద్ధతిలో తీస్తారని మా ఆయన అడిగితే "చిన్న హోల్ వేసి తీసేస్తాం, మూడు రోజుల్లో ఇంటికి పోవచ్చు" అని ఒక్క మాటతో ముగించారు. బంధువులందరూ చెన్నై తీసుకుపొమ్మన్నారు. నెల్లూరు వాళ్లకు పెద్ద ఆపరేషన్ అంటే చెన్నైయే కదా. అయితే ఆపరేషన్ తరువాత కూడా చాలాసార్లు తిరగవలసి ఉంటుందని, ప్రతిసారీ బిడ్డను అంత దూరం తిప్పడం కష్టమని మా పాఠశాలలో తోటి టీచరు చెప్పడంతో, ఆవిడకు తెలిసిన మరొక యూరాలజిస్టు దగ్గరికి నెల్లూరులోనే వెళ్లాము. ఈ సమీక్ష ఆయన పనిచేసే ఆసుపత్రి గురించే.

ఆయన రిపోర్టు చూసే ముందు రెండు ప్రశ్నలు అడిగారు. బాబు బరువు ఎంత అన్నది మొదటిది. మాది మేనరికమా అన్నది రెండోది. మాది మేనరికమే. ఆ ప్రశ్న నన్ను కలవరపెట్టింది కాని ఆయన దాన్ని నిందలాగా అడగలేదు. సిస్టిన్యూరియా, ప్రైమరీ హైపర్‌ఆక్సల్యూరియా అని రాళ్లు పుట్టించే జబ్బులు కొన్ని తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు కలిసినప్పుడు బిడ్డకు వస్తాయి, దగ్గరి సంబంధాలు చేసుకున్న కుటుంబాల్లో ఆ కలయికకు అవకాశం ఎక్కువ. వాటిలో రెండోది సకాలంలో పట్టుకోకపోతే కిడ్నీలనే పాడు చేస్తుంది. పిల్లవాడికి రాయి దొరికిందంటే, అది ఎందుకు పుట్టిందో వెతకడం వైద్యంలో సగం భాగమని ఆయన ఆ రోజే అన్నారు. ఆ మాటను ఇక్కడ ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది: డాక్టరు గారు నోటితో చెప్పిన ఆ సగాన్నే, ఆయన ఆసుపత్రి కాగితం మీద మరిచిపోయింది.

పద్ధతి ఎంచుకునే విషయంలో ఆయన దాదాపు అరగంట మాతో మాట్లాడారు, తెల్లకాగితం మీద కిడ్నీ బొమ్మ వేసి మూడు దారులు చూపించారు. మొదటిది బయటి నుంచి షాక్ తరంగాలతో రాయిని పొడి చేసే లిథోట్రిప్సీ. దీన్ని 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి చేశారు. ఒంటి మీద గాటు ఉండదు, చిన్నపిల్లల మూత్రనాళం పెద్దవాళ్ల దానికంటే సాగే గుణం కలిగి ఉండడం వల్ల పొడి కిందికి దిగడం కూడా వాళ్లలో బాగుంటుంది. అయినా ఆరేళ్ల బిడ్డ కదలకుండా పడుకోడు కాబట్టి ప్రతిసారీ మత్తు ఇవ్వాలి, మా బాబు రాయి పరిమాణానికి రెండు మూడు సిట్టింగులు పట్టవచ్చు, పైగా కింది అరలో ఉన్న రాయి పొడి అయినా అక్కడే పేరుకుపోయే వీలుంది. రెండోది మూత్రమార్గం గుండానే సన్నని, వంగే టెలిస్కోపును కిడ్నీ దాకా పంపి లేజరుతో పొడి చేసే ఆర్‌ఐఆర్‌ఎస్. ఇందులోనూ గాటు ఉండదు. అయితే ఈ వయసు పిల్లల్లో నాళం సన్నగా ఉండి ఆ పరికరం ఎక్కకపోతే ముందు నాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేసి, రెండు వారాలు ఆగి, నాళం వెడల్పయ్యాక మళ్లీ మత్తు ఇచ్చి చేయాలి. మూడోది నడుము పక్క నుంచి కిడ్నీలోకి చిన్న రంధ్రం చేసి, గొట్టం గుండా రాయిని పగలగొట్టి ముక్కలు బయటికి తెచ్చే పీసీఎన్‌ఎల్. రెండు రాళ్లూ ఒకే మత్తులో పూర్తిగా వచ్చే అవకాశం దీనిలోనే ఎక్కువ. రక్తస్రావం ప్రమాదం కూడా దీనిలోనే ఎక్కువ. ఆ రెండో మాటను దాచకుండా, గొంతు తగ్గించకుండా చెప్పినందుకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

ఈ మూడో పద్ధతి పిల్లలకు ఎలా పనికివచ్చేలా మారిందో నేను తరువాత చదివి తెలుసుకున్నాను. స్వీడన్‌లో 1976లో ఫెర్న్‌స్ట్రోమ్, జోహాన్సన్ అనే వైద్యులు దీన్ని మొదటిసారి ప్రచురించారు. పెద్దవాళ్లకు వాడే గొట్టాలు 24 నుంచి 30 ఫ్రెంచి కొలతలో, అంటే 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందంలో ఉంటాయి. మూడు ఫ్రెంచి ఒక మిల్లీమీటరుకు సమానం. చాలా ఏళ్లు పిల్లలకు కూడా ఆ పెద్ద పరికరాలే వాడవలసి వచ్చింది. 1998లో అమెరికాలో జాక్‌మన్ బృందం బడి వయసు రాని పిల్లల కోసం సన్నని గొట్టంతో మినీ పద్ధతిని వివరించింది. ఆ తరువాత మన దేశంలో గుజరాత్‌లోని నడియాద్‌కు చెందిన మహేశ్ దేశాయ్, విదేశీ సహచరులతో కలిసి, 1.6 మిల్లీమీటర్ల సూది గుండానే చూస్తూ చేసే మైక్రో పద్ధతిని 2011లో ప్రచురించారు. మా బాబుకు వాడినది 14 ఫ్రెంచి గొట్టం, అంటే అయిదు మిల్లీమీటర్ల లోపు. వాడి నడుము మీద ఇప్పుడు ఉన్నది ఒక్క కుట్టు మచ్చ. గొట్టం మందం ఇంతగా ఎందుకు పట్టించుకోవాలంటే, 18 కిలోల పిల్లవాడి ఒంట్లో మొత్తం రక్తం సుమారు 1,350 మిల్లీలీటర్లే ఉంటుంది. పెద్దవాళ్లు తట్టుకునే 300 మిల్లీలీటర్ల నష్టం ఆ బిడ్డకు పావు వంతుకు దగ్గర పడుతుంది. అందుకే "హోల్ వేసి తీసేస్తాం" అన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఎంత గొట్టం వాడతారు, పిల్లల సైజు పరికరాలు మీ దగ్గరే ఉన్నాయా, ఈ ఏడాదిలో ఇంత చిన్న పిల్లలకు ఎందరికి చేశారు, మత్తు ఇచ్చేవారికి పిల్లల విషయంలో అనుభవం ఉందా అని ప్రతి తల్లీ తండ్రీ మొహమాటం లేకుండా అడగాలి. మేము అడిగాము. ఆయన ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చారు.

సీటీ విషయంలోనూ ఆయన పద్ధతి మెచ్చదగినది. పిల్లల శరీరం మీద రేడియేషన్ ప్రభావం పెద్దల మీద కంటే ఎక్కువ కాబట్టి, మొదటి పరీక్షగా అల్ట్రాసౌండ్‌నే చేయాలని, పాత ఫిల్ములన్నీ తెస్తే చేసిందే మళ్లీ చేయనక్కరలేదని చెప్పారు. చివరికి రంధ్రం ఎక్కడి నుంచి వేయాలో నిర్ణయించడానికి ఒకే ఒక్క సీటీ, తక్కువ డోసులో తీయించారు.

మే మొదటి వారంలో అడ్మిషన్‌కు సిద్ధమై వెళ్తే, మూత్రంలో సూక్ష్మక్రిములు ఉన్నాయేమో చూసే కల్చర్ పరీక్ష రిపోర్టులో ఇన్‌ఫెక్షన్ ఉందని ఆపరేషన్ వాయిదా వేశారు. నేను సెలవు పెట్టి, ఇంట్లో అన్నీ సర్దుకుని, బాబుకు లేనిపోని ధైర్యాలు చెప్పి తీసుకువచ్చిన రోజు అది. చాలా కోపం వచ్చింది. తరువాత తెలిసింది, ఇన్‌ఫెక్షన్ ఉన్న మూత్రంలో రాయిని పగలగొడితే ఆ సూక్ష్మక్రిములు రక్తంలోకి పోయి ప్రాణం మీదికి వస్తుందని, ఈ ఆపరేషన్‌లో భయపడవలసిన వాటిలో రక్తస్రావం పక్కనే దానికీ స్థానం ఉందని. వారం రోజులు మందు వాడి, మళ్లీ పరీక్ష చేయించి, మూత్రం శుభ్రమయ్యాకే చేర్చుకున్నారు. డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్న పేషెంటును వెనక్కి పంపిన ఆ నిర్ణయమే ఈ ఆసుపత్రి చేసిన పనుల్లో అన్నిటికంటే గొప్పదని ఈరోజు నా అభిప్రాయం.

ఇక ఆపరేషన్ రోజు. ఇక్కడ నాకు గట్టి ఫిర్యాదు ఉంది. ఉదయం ఎనిమిది గంటలకు మొదటి కేసుగా తీసుకుంటామని, అర్ధరాత్రి నుంచి ఏమీ పెట్టవద్దని నర్సు చెప్పారు. థియేటరులో పెద్దవాళ్ల కేసు ముందు చేరడంతో మా బాబు వంతు మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది. నెల్లూరు మే నెల ఎండలో, రాళ్ల జబ్బు ఉన్న ఆరేళ్ల బిడ్డను పదమూడు గంటల పాటు ఒక్క గుక్క నీళ్లు లేకుండా ఉంచారు. "అమ్మా, నాలిక తడుపుకుంటా, మింగనులే" అని వాడు అడిగిన మాట నేను మరిచిపోలేదు. మత్తుకు ముందు అన్నం వంటి ఆహారం ఆరు గంటలు మానాలి కాని, వట్టి నీళ్లు రెండు గంటల ముందు వరకూ పిల్లలకు ఇవ్వవచ్చన్నది మత్తు వైద్యులు అంగీకరించిన నియమమే. మత్తు డాక్టరు గారు వచ్చి విషయం తెలుసుకుని చాలా బాధపడ్డారు, వెంటనే సెలైన్ పెట్టించారు. వేళ మారిందన్న కబురు పైనుంచి వార్డుకు చేరలేదు, అంతే. అలాంటి చోట మనం గంటగంటకూ వెళ్లి "బాబు వంతు ఎన్నింటికి, ఇప్పుడు నీళ్లు ఇవ్వవచ్చా" అని అడుగుతూనే ఉండాలి. మంచివాళ్లమనిపించుకోవడానికి మౌనంగా కూర్చోవడం నేను చేసిన పొరపాటు.

లోపల జరిగిన పనికి వంక పెట్టడానికి నాకేమీ లేదు. పిల్లల ఒళ్లు త్వరగా చల్లబడుతుంది కాబట్టి థియేటరులో ఏసీ తగ్గించారు, కిడ్నీలోకి పంపే సెలైన్‌ను వెచ్చబెట్టారు, ఎంత లోపలికి పోయిందో ఎంత బయటికి వచ్చిందో కొలుస్తూ చేశారు. ఇదంతా డాక్టరు గారు ముందే వివరించారు, తరువాత నోట్సులో కూడా చూశాను. మొదట మూత్రమార్గం నుంచి సన్నని గొట్టం కిడ్నీ దాకా పంపి, తరువాత బాబును మెత్తల మీద బోర్లా పడుకోబెట్టి, ఎక్కువ భాగం అల్ట్రాసౌండ్ చూస్తూనే సూది గుచ్చి, దారిని మెల్లగా వెడల్పు చేసి, హోల్మియం లేజరుతో రాళ్లను పగలగొట్టారు. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. రక్తం ఎక్కించవలసిన అవసరం రాలేదు. నడుము నుంచి బయటికి గొట్టం పెట్టలేదు, లోపల మాత్రం కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా డీజే స్టెంట్ వేశారు. రెండో రోజు మూత్రం పైపు తీశారు, మూడో రోజు స్కానింగులో రాళ్లు మిగల్లేదని చూసి పంపించారు.

రెండో రోజు సాయంత్రం నర్సు ఒక చిన్న ప్లాస్టిక్ సీసా తెచ్చి మా చేతికి ఇచ్చారు. అందులో గోధుమరంగు ముక్కలు, పటికబెల్లం నలగ్గొట్టినట్టు గరుకుగా, కొన్ని నువ్వుగింజంత, కొన్ని శనగబద్దంత ఉన్నాయి. బాబు సీసాను ఆడించి చప్పుడు విని, "ఇవి నా కడుపులో కాసినాయా మా, మన నిమ్మకాయల మాదిరి?" అని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను, ఆ సీసాను సంచిలో పెట్టుకున్నాను. అక్కడే పొరపాటు జరగబోయింది. ఆ ముక్కలను ల్యాబుకు పంపి, అవి ఏ పదార్థంతో తయారయ్యాయో ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష చేయించాలని డిశ్చార్జి కాగితంలో ఒక్క మాట కూడా లేదు. బిడ్డకు రాయి ఎందుకు పుట్టిందో చెప్పగలిగిన మొదటి సాక్ష్యాన్ని, ఇంట్లో దాచుకునే జ్ఞాపకంలాగా చేతికి ఇచ్చి పంపారు. మేనరికం ప్రశ్న నాకు గుర్తుండబట్టి, పది రోజుల తరువాత డ్రెస్సింగుకు వెళ్లినప్పుడు నేనే డాక్టరు గారిని అడిగాను. ఆయన తల పట్టుకుని, ఇది అందరికీ పంపవలసిందేనని, ఎవరూ రాయలేదా అని సిబ్బందిని మందలించి, వెంటనే చీటీ రాశారు. పరీక్షకు 1,500 రూపాయలు అయింది.

స్టెంట్ సంగతి ఇంకా పెద్దది. అది లోపల ఉన్నంతకాలం బిడ్డకు మాటిమాటికీ మూత్రం రావడం, పోయడం ముగిసేటప్పుడు నొప్పి, పరుగెత్తితే మూత్రంలో ఎరుపు కనబడడం మామూలేనట. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి వచ్చిన నాలుగో రోజు బాబు దూడ వెంట పరుగెత్తి వచ్చి ఎర్రగా మూత్రం పోస్తే, రాత్రి పది గంటలకు కారు మాట్లాడుకుని నెల్లూరు పరుగెత్తాము. డ్యూటీ డాక్టరు రెండు నిమిషాల్లో భయం లేదని చెప్పి పంపేశారు. ఆ రెండు నిమిషాల మాట డిశ్చార్జి రోజే చెప్పి ఉంటే సరిపోయేది.

స్టెంట్‌ను మూడు వారాలకు తీయాలి. పిల్లలకు దాన్ని తీయడానికి మళ్లీ కొద్దిసేపు మత్తు ఇవ్వాలి. తీయడం మరిచిపోతే నెలలు గడిచేకొద్దీ దాని చుట్టూ కొత్త రాయి పేరుకుంటుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, చివరికి ఆ స్టెంట్‌ను తీయడానికే మరొక ఆపరేషన్ కావలసి వస్తుంది. ఇంత ముఖ్యమైన విషయం మా కాగితం అడుగున, మందుల పట్టిక తరువాత, ఇంగ్లీషులో ఒకే ఒక్క వరుసలో ఉంది. తేదీ లేదు. మా పక్క మంచంలో రాపూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఎనిమిదేళ్ల కూతురితో ఉన్నారు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ పాపకు కూడా ఇదే ఆపరేషన్ జరిగింది. ఆవిడ చదువుకోలేదు. "ఆపరేషన్ అయిపోయింది, ఇంక రాబళ్లేదు కదమ్మా" అని నన్ను అడిగారు. లోపల ఒక గొట్టం ఉందన్న సంగతే ఆవిడకు తెలియదు. నేను ఆ కాగితం వెనుక పెద్ద అక్షరాలతో తెలుగులో "పాప కడుపులో గొట్టం ఉంది, జూన్ 9న వచ్చి తీయించాలి" అని రాసి, మా ఆయన ఫోన్ నంబరు కూడా వేసి, ఇంట్లో చదువు వచ్చినవాళ్లకు చూపించమని చెప్పాను. జూన్ 8 సాయంత్రం ఆవిడే ఫోన్ చేసి, పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతున్నామని చెప్పారు. ఆసుపత్రి నుంచి మాకు గానీ ఆవిడకు గానీ ఒక్క ఫోన్ రాలేదు. థియేటరులో వెచ్చని సెలైన్‌ను మిల్లీలీటర్లలో కొలిచిన వ్యవస్థకు, స్టెంట్ వేసిన పిల్లల పేర్లు, తీయవలసిన తేదీలు ఒక పుస్తకంలో రాసుకుని ఫోన్ చేయడం కష్టమైన పని కాదు.

రాయి పరీక్షలో కాల్షియం ఆక్సలేటు అని తేలింది. స్టెంట్ తీసి, ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకున్న తరువాత, యూరాలజిస్టు గారి సలహా మీద చెన్నైలో పిల్లల కిడ్నీ నిపుణురాలి దగ్గరికి ఒకసారి వెళ్లాము. 24 గంటల మూత్రం పట్టి పరీక్ష చేయించమన్నారు. బడి లేని ఆదివారం ఉదయం మొదటి మూత్రాన్ని వదిలేసి, అక్కడి నుంచి సోమవారం ఉదయం మొదటి మూత్రం దాకా ఒక్క చుక్క పోకుండా క్యానులో పట్టాము; బాబు దాన్ని ఆటగా తీసుకుని, ఎంత నిండిందో ప్రతిసారీ చూసుకున్నాడు. కిలో బరువుకు రోజుకు 4 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలో కాల్షియం ఎక్కువ ఉన్నట్టు లెక్క, అంటే 18 కిలోల పిల్లవాడికి 72. మా వాడికి 110 వచ్చింది. రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేటు తక్కువగా ఉంది. డాక్టరు గారు మొదటి రోజు చెప్పిన ఆ రెండు జన్యు జబ్బుల్లో పెరిగే సిస్టిన్, ఆక్సలేటు మామూలుగానే ఉండడంతో, మేనరికం గురించి నా మనసులో ఉన్న బరువు ఆ రోజు దిగింది.

కాల్షియం ఎక్కువ పోతోందంటే పాలు మాన్పించాలని నేను అనుకున్నాను, ఊళ్లో అందరూ అదే అన్నారు. ఆ కిడ్నీ నిపుణురాలు గట్టిగా వద్దన్నారు. ఎదిగే బిడ్డకు పాలు, పెరుగు ఆపితే ఎముకలు బలహీనపడతాయి. పైగా తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేటును పట్టుకుని బయటికి పంపుతుంది, కాబట్టి కాల్షియం తగ్గితే ఆక్సలేటు మూత్రంలోకి ఇంకా ఎక్కువగా వస్తుంది. తగ్గించవలసింది ఉప్పు. ఉప్పు ఎంత ఎక్కువ తింటే కిడ్నీ అంత ఎక్కువ కాల్షియాన్ని మూత్రంలోకి వదులుతుంది. ఆ మాట విన్నప్పుడు నాకు మా వాడి రోజు మొత్తం కళ్ల ముందు తిరిగింది: పొద్దున ఊరగాయ, మధ్యాహ్నం అప్పడం, సాయంత్రం బడి ముందు అంగట్లో అయిదు రూపాయల చిప్స్ పొట్లం. పాలకూర, తోటకూర, గోంగూర పూర్తిగా మాననక్కరలేదని, తగ్గించి, తిన్న రోజు పెరుగన్నంతో కలిపి పెట్టమని చెప్పారు. నీళ్లు రోజుకు లీటరున్నర తాగాలి. పొటాషియం సిట్రేటు సిరప్ నీళ్లలో కలిపి ఇస్తున్నాము. దానితో పాటు ఉప్పు వేయకుండా, చక్కెర తగ్గించి, నిమ్మరసం ఇమ్మన్నారు, ఎందుకంటే నిమ్మలో ఉన్నది ఆ సిట్రేటే. పొదలకూరు మార్కెట్‌కు బస్తాలకు బస్తాలు తోలే ఇంట్లో, బిడ్డకు మాత్రం నిమ్మకాయను ఉప్పులో ఊరేసి పెట్టాము. ఇప్పుడు మా ఆయన తోట నుంచి వచ్చేటప్పుడు వాడి కోసం రెండు కాయలు విడిగా జేబులో వేసుకు వస్తున్నారు.

బడి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నీళ్లు తాగే విషయం ఇంట్లో తేలేది కాదు. మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉంటారు. నిండు సీసాతో వచ్చి నిండు సీసాతోనే ఇంటికి పోతారు. నా తరగతిలో నేను ఇప్పుడు సాయంత్రం సీసాలు ఎత్తి చూస్తున్నాను.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆపరేషన్, పడక, మందులు మా ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద జరిగాయి. బయట చేయించిన కల్చర్లు, రాయి పరీక్ష, 24 గంటల మూత్ర పరీక్ష, చెన్నై ప్రయాణం కలిపి సుమారు 13,000 రూపాయలు మా చేతి నుంచి అయ్యాయి. ఏ పథకం ఉన్నా, ఏ ఏ పరీక్షలు దాని కిందికి రావో ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రనో, బిల్లింగ్ కౌంటరులో ఉన్నవారినో ముందుగానే అడిగి రాసుకోవడం మంచిది. వార్డు శుభ్రంగా ఉంది, రాత్రి డ్యూటీ సిస్టర్లు ఓపికగా చూసుకున్నారు. అంగీకార పత్రం మాత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది, సంతకం పెట్టే చోట వేలు చూపించారు తప్ప చదివి వినిపించలేదు.

ఈ ఆపరేషన్ కోసం నెల్లూరు వదిలి వెళ్లాలా అని నన్ను అడిగేవాళ్లకు నేను వెళ్లనక్కరలేదనే చెబుతున్నాను, పిల్లల పరికరాలు, పిల్లల మత్తులో అనుభవం ఉన్న డాక్టరు దొరికినంతవరకు. ఆ డాక్టరు గారి చేతికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఆపరేషన్‌కు ముందు ఆయన చూపిన జాగ్రత్తకూ అంతే. డిశ్చార్జి కాగితం తరువాత ఆ ఆసుపత్రి అందించిన సేవకు సగం మార్కులు కూడా వేయలేను. మా బాబుకు మళ్లీ అవసరం పడితే అక్కడికే తీసుకువెళ్తాను. స్టెంట్ తీసే తేదీ, రాయి పరీక్ష చీటీ, ఏ లక్షణానికి పరుగెత్తాలో దేనికి అక్కరలేదో, ఇవన్నీ తెలుగులో రాసి ఇచ్చాకే బిడ్డను తీసుకుని బయటికి వస్తాను.

డిసెంబరు స్కానింగులో రెండు కిడ్నీలూ శుభ్రంగా ఉన్నాయి, వాపు తగ్గింది. ఆ రోజు నేను పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక పేజీ తెలుగులో, పెద్ద అక్షరాలతో, స్టెంట్ తేదీకి ఖాళీ గడి వదిలి, రాసి తీసుకువెళ్లి డాక్టరు గారికి ఇచ్చాను. ఆయన చదివి, రెండు చోట్ల దిద్ది, అచ్చు వేయిస్తామని చెప్పి తన దగ్గర ఉంచుకున్నారు. తరువాతి స్కానింగు మార్చిలో ఉంది. కౌంటరు దగ్గర ఆ కాగితం కనబడకపోతే మళ్లీ అడుగుతాను. ఇంకో నకలు నా సంచిలోనే ఉంది.